విసిరే చేయి: మైపాడు నుంచి శ్రీహరికోట దాకా

నెల్లూరు నుంచి తూర్పుకు తిరిగి మైపాడు దారి పడితే, ఇరవై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణంలోనే నేల మూడుసార్లు రూపు మారుస్తుంది. ముందు పెన్నా కాలువల కింద పండే వరిచేలు. ఆ తర్వాత ఏరియేటర్ల చక్రాలు నీళ్ళను చిలుకుతూ ఉండే రొయ్యల గుంటలు. చివరికి సరుగుడు తోటలు, ఇసుక. బకింగ్‌హాం కాలువ దగ్గర పడేసరికి గాలిలో ఉప్పు తెలుస్తుంది. ఇంకా సముద్రం కనిపించకముందే, ఉప్పునీరు లోపలికి చొచ్చుకొచ్చిన చోట మోకాలి లోతులో నిలబడి విసురువల వేసే మనిషి కనిపిస్తాడు. అతన్ని కాసేపు నిలబడి చూడాలి. వల తాడు ఎడమ మణికట్టుకు చుట్టి ఉంటుంది. వలలో కొంత భాగం ఎడమ మోచేతి మీద, మిగతాది కుడిచేతిలో. అంచున సీసపు గుళ్ళు బరువుగా వేలాడుతుంటాయి. కాళ్ళు ఇసుకలో పాతుకుంటాయి, నడుము వెనక్కి తిరుగుతుంది, ఆ తిప్పు భుజంలోకి, భుజం నుంచి చేతివేళ్ళలోకి పాకుతుంది. వల గాలిలో గుండ్రంగా విచ్చుకుని నీటి మీద ఒక్కసారే పడుతుంది. కొత్తగా నేర్చుకునే కుర్రాడు చేతి బలంతో విసురుతాడు, వల ముద్దగా పడుతుంది, సాయంత్రానికి భుజం లేవదు. ఆరితేరినవాడు కాళ్ళతోనూ నడుముతోనూ విసురుతాడు. పని అదే, వల అదే. చేయి ఎన్నేళ్ళు నిలుస్తుందనేది మాత్రం ఈ తేడాను బట్టి ఉంటుంది.

ఈ తీరం వెంట వెళుతూ అమెరికాలో బేస్‌బాల్ ఆడే ఒక కుర్రాడి గురించి ఆలోచించడానికి కారణం కూడా ఇదే. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. మన బౌలర్ పరిగెత్తుకొచ్చి, మోచేయి చాచి, నేలకు కొట్టి వేస్తాడు. పిచ్చర్ నిలబడిన చోటనే కాలెత్తి, ఒక అడుగు ముందుకు వేసి, మోచేయి వంచి, 18.44 మీటర్ల అవతల ఉన్న బ్యాటర్ వైపు బంతిని నేల తాకకుండా విసురుతాడు. బంతి బరువు 142 నుంచి 149 గ్రాములు. పెద్ద లీగ్‌లో మంచి పిచ్చర్ విసిరే వేగం గంటకు 150 కిలోమీటర్లు దాటుతుంది. ఆ క్షణంలో భుజం సెకనుకు 7,000 డిగ్రీల దరిదాపు వేగంతో తిరుగుతుంది. మనిషి శరీరం చేసే కదలికల్లో ఇంతకన్నా వేగమైనది లేదని క్రీడా వైద్యులు చెబుతారు. ఆ విసురులో మోచేతి మీద పడే ఒత్తిడిలో పెద్ద భాగాన్ని లోపలివైపున్న ఒక సన్నని స్నాయువు మోస్తుంది. పిచ్చర్ జీవితం, సంపాదన, పేరు అన్నీ ఆ స్నాయువుకు వేలాడుతుంటాయి.

ఆ కుర్రాడి పేరు కుమార్ రాకర్. 1999 నవంబరు 22న పుట్టాడు. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరు మోసిన ఆటగాడు, ఆ తర్వాత కోచ్. తల్లి లలిత వైపు పెద్దలు ఆంధ్రప్రదేశ్ నుంచి అమెరికాకు వలస వెళ్ళినవాళ్ళు. కుమార్ అన్న పేరు ఆ వైపు నుంచే వచ్చింది. జార్జియా రాష్ట్రంలో హైస్కూలు చదువుతుండగానే 2018లో కొలరాడో రాకీస్ క్లబ్ క్లబ్బుల ఆటగాళ్ళ ఎంపికలో అతన్ని 38వ రౌండులో ఎంచుకుంది. అతను చేరకుండా వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. 2019 జూన్ 8న డ్యూక్ జట్టు మీద, పందొమ్మిదేళ్ళ వయసులో, ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా (బంతిని కొట్టి సురక్షితంగా బేస్ చేరే అవకాశం) ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకవుట్ (బంతిని ఆడలేక అవుట్) చేశాడు. కాలేజీ పోటీల్లో సూపర్ రీజినల్ దశలో అంతకుముందు ఎవరూ ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆట ముగించలేదు. ఆ ఏడాది వాండర్‌బిల్ట్ జాతీయ విజేత అయింది, ఫైనల్స్ పోటీల ఉత్తమ ఆటగాడు అతనే. 2021లో 122 ఇన్నింగ్స్‌లో 179 స్ట్రైకవుట్లు తీశాడు. ఇక్కడిదాకా చదివినవాళ్ళకు ఇది పుట్టుకతో వచ్చిన ప్రతిభ కథ అనిపిస్తుంది. అసలు కథ ఇక్కడి నుంచి మొదలవుతుంది.

అమెరికాలో క్లబ్బులు వంతులవారీగా కుర్రాళ్ళను ఎంచుకునే పద్ధతిని డ్రాఫ్ట్ అంటారు. 2021 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ రాకర్‌ను పదో స్థానంలో ఎంచుకుంది. 60 లక్షల డాలర్లకు మాట కుదిరింది. వైద్య పరీక్షలు చూశాక క్లబ్ వెనక్కి తగ్గింది. గడువు ముగిసినా ఒప్పందం ఇవ్వలేదు. నిబంధనల ప్రకారం క్లబ్‌కు మరుసటి ఏడాది పదకొండో స్థానంలో మరొకరిని ఎంచుకునే హక్కు దక్కింది. కుర్రాడి చేతికి ఏమీ రాలేదు. ఆ సెప్టెంబరులో భుజానికి చిన్న శస్త్రచికిత్స జరిగింది. 2022లో పెద్ద క్లబ్బులతో సంబంధం లేని ఫ్రాంటియర్ లీగ్‌లో ట్రై సిటీ వ్యాలీక్యాట్స్ తరఫున 20 ఇన్నింగ్స్ ఆడి 32 స్ట్రైకవుట్లు తీశాడు. చేయి పనిచేస్తోందని అందరి ముందూ చూపించాడు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో టెక్సస్ రేంజర్స్ ఏకంగా మూడో స్థానంలో ఎంచుకుని 52 లక్షల డాలర్లిచ్చింది. 2023 మేలో మోచేతి స్నాయువు తెగింది, మళ్ళీ శస్త్రచికిత్స. ఏడాదికి పైగా విరామం తర్వాత, 2024 సెప్టెంబరు 12న సియాటిల్‌లో తొలిసారి మేజర్ లీగ్ మైదానంలో దిగి 4 ఇన్నింగ్స్‌లో 7 స్ట్రైకవుట్లు తీశాడు. 2025లో నిలకడ తప్పింది, సగటున 9 ఇన్నింగ్స్‌కు ఐదుకు పైగా పరుగులిచ్చాడు, కింది స్థాయికి పంపారు. ఇరవై ఆరేళ్ళు నిండకముందే ఇన్ని ఎత్తుపల్లాలు.

ఈ కథ నుంచి నేను తీసే సారాంశం ఒక్కటే. విసిరే చేతిని నిలబెట్టేది బలం కాదు. విరామం, మరమ్మతు, రెండో అవకాశం ఇచ్చే ఏర్పాటు నిలబెడుతుంది. ఒక క్లబ్ కాదన్నప్పుడు ఆడి చూపించుకోవడానికి మరో లీగ్ లేకపోతే, తెగిన స్నాయువును అతికే వైద్యం లేకపోతే, కోలుకునేదాకా జీతమిచ్చి ఓపిక పట్టే యజమాని లేకపోతే, 2019 నాటి ఆ 19 స్ట్రైకవుట్లు పాత పేపర్ కటింగ్‌గా మిగిలేవి. ఆ వైద్యం కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1974 సెప్టెంబరు 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అనే పిచ్చర్ మోచేతిలో తెగిన స్నాయువు స్థానంలో అతని ముంజేతి నుంచే తీసిన కండర బంధాన్ని (టెండన్‌ను) అమర్చాడు. అప్పటిదాకా ఆ గాయమంటే ఆటకు స్వస్తి. 1975 అంతా ఆడకుండా గడిపి, 1976లో తిరిగొచ్చిన టామీ జాన్ 1989 దాకా ఆడాడు. మొత్తం 288 విజయాల్లో 164 శస్త్రచికిత్స తర్వాత వచ్చినవే. అంటే అతని ఆట జీవితంలో సగానికన్నా ఎక్కువ భాగం గాయం అవతలే ఉంది. ఆ తలుపు తెరుచుకోకపోతే ఆ సగం ఎవరికీ తెలిసేది కాదు.

మైపాడు నుంచి దక్షిణంగా తీరం వెంబడి దిగితే కృష్ణపట్నం రేవు వస్తుంది. దూరం నుంచి చూస్తే ఆకాశానికి ఆనించి నిలబెట్టిన క్రేన్లు, బొగ్గు గుట్టలు, లారీల బారులు. అక్కడి ప్రతి యంత్రానికీ ఒక పద్దు ఉంటుంది. ఎన్ని గంటలు నడిచింది, ఎప్పుడు నూనె పోశారు, ఏ తాడు ఎప్పుడు మార్చారు అన్నది రాసి ఉంటుంది. ఎందుకంటే క్రేను ఆగితే ఓడ ఆగుతుంది, ఓడ ఆగితే నష్టం ఎంతో అందరికీ తెలుసు. అదే రేవుకు అటూ ఇటూ ఉన్న పాలేలలో ఏళ్ళ తరబడి వల లాగే భుజానికి అలాంటి పద్దు లేదు. నొప్పి వస్తే నూనె మర్దన, మందుల షాపులో ఒక మాత్ర, మర్నాడు మళ్ళీ వేట. ఏ కుర్రాడి చేయి ఏ ఏడాది చెడిందో ఎక్కడా నమోదు కాదు. నమోదు కాని నష్టం గురించి ఎవరూ అడగరు.

విరామం అన్న మాట ఈ తీరానికి కొత్తదేమీ కాదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో పడవలు ఒడ్డున ఆగి ఉంటాయి, వలలు బాగుచేసుకుంటారు. చేప గుడ్డు పెట్టి పెరగాలంటే సముద్రానికి గడువు ఇవ్వాలన్నది ఆ చట్టం వెనక ఉన్న ఆలోచన. వేట మానేసిన కుటుంబానికి సర్కారు భృతి ఇస్తుంది. 2025లో దాన్ని 20,000 రూపాయలు చేశారు. విరామానికి ఖర్చుంటుందని, ఆ ఖర్చు విరామం తీసుకునేవాడి ఒక్కడి నెత్తిన పడకూడదని ఇక్కడ మనం ఒప్పుకున్నాం. పిచ్చర్ విషయంలో బేస్‌బాల్ లోకం నేర్చుకున్నది కూడా ఇదే సూత్రం. ఆటను మొదలుపెట్టే పిచ్చర్ ఒకసారి ఆడితే నాలుగైదు రోజులు చేతికి విశ్రాంతి ఇస్తాడు. పిల్లల విషయంలో 2014లో మేజర్ లీగ్, యుఎస్ఏ బేస్‌బాల్ సంస్థ కలిసి లెక్కలు ప్రకటించాయి. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లవాడు ఒక రోజులో 95 బంతులకు మించి విసరకూడదు. 65 దాటితే నాలుగు రోజులు చేతికి సెలవు. చేపకు 61 రోజులు, చేతికి నాలుగు రోజులు. రెండింటి వెనకా ఉన్న బుద్ధి ఒకటే: ఇవాళ ఎక్కువ పిండుకుంటే రేపటికి ఏమీ మిగలదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. రాకర్ పెద్దింటి బిడ్డ. తండ్రి 1988లో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో అవుట్‌లాండ్, లాంబార్డీ ట్రోఫీలు రెండూ గెలిచినవాడు. ఇంట్లోనే కోచ్, తిండి, వైద్యం, సలహా. అలాంటివాడి కథ ఒక పాలెం కుర్రాడికి ఎలా వర్తిస్తుంది? నిజమే, అతని దారి సామాన్యుడి దారి కాదు. అయితే ఆ మాట నా వాదాన్ని బలపరుస్తుందే తప్ప కొట్టేయదు. అంత అండ ఉన్నవాడికే ఒక్క వైద్య నివేదికతో 60 లక్షల డాలర్ల మాట గాలికి పోయింది. అతన్ని ఆదుకున్నది ఇంటి డబ్బు ఒక్కటే కాదు. ఆడి చూపించుకోవడానికి వీలిచ్చిన ఆ చిన్న ఫ్రాంటియర్ లీగ్ కూడా ఆదుకుంది. పెద్దింటివాడికే ఆ మెట్టు అవసరమైతే, వెనక ఎవరూ లేనివాడికి ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. అతనిలో తెలుగు రక్తం ఉంది కాబట్టి మనవాడని మురిసిపోవడం సులువు. ఆ చేయి తయారైనది మాత్రం జార్జియా, టెనెసీ మైదానాల్లో. గర్వపడే ముందు ఆ మైదానాల్లో ఉన్నదేమిటో, మన దగ్గర లేనిదేమిటో చూసుకోవడం న్యాయం.

రెండో అభ్యంతరం: మన దగ్గర ప్రతిభ దొరికితే చాలు, ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారు కదా! అలా వెతికిన ప్రయోగం ఒకటి జరిగింది. 2008లో జె.బి. బెర్న్‌స్టీన్ అనే అమెరికన్ ఏజెంట్ ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ పేరుతో మన దేశంలో పోటీ పెట్టి, వేలాది కుర్రాళ్ళ చేత బంతి విసిరించాడు. జావెలిన్ విసిరే ఉత్తరప్రదేశ్ యువకులు రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఎంపికై, అదే ఏడాది పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. అంతకుముందు వాళ్ళు బేస్‌బాల్ చూసింది లేదు. వాళ్ళ పట్టుదలకు దండం పెట్టాలి. అయినా ఇద్దరిలో ఎవరూ మేజర్ లీగ్ చేరలేదు. దినేశ్ రెండేళ్ళకే తిరిగొచ్చాడు. రింకూ కింది లీగుల్లో ఆడుతూ మోచేతి శస్త్రచికిత్స దాకా వెళ్ళి, తర్వాత కుస్తీ బరిలోకి మారాడు. వాళ్ళ కథ మీద 2014లో సినిమా వచ్చింది, ఇక్కడ బేస్‌బాల్ మాత్రం వేళ్ళూనుకోలేదు. చేతిని ఏరుకుపోవడం వేరు, చేతులు పెరిగే నేలను సిద్ధం చేయడం వేరు. విసురువల వేసే మనిషిని చూసి ఇతను పిచ్చర్ అవుతాడని నేనూ అనడం లేదు. వల బరువు వేరు, వేగం వేరు, భుజం తిరిగే తీరు వేరు. నేననేది ఒక్కటే: శ్రమించే శరీరం ఇక్కడ కొరత కాదు. కొరత ఉన్నది దాన్ని కాపాడే చోట.

మూడో అభ్యంతరం మరీ సూటిగా ఉంటుంది. బేస్‌బాల్ మనకెందుకు? తీరంలో పిల్లలకు కావలసింది చదువు, బతుకుతెరువు. పైగా ఆ అమెరికా ఏర్పాటు అంత దయగలదేమీ కాదు. అది కూడా ఒప్పుకోవలసిందే. కింది లీగుల్లో వేలమంది కుర్రాళ్ళు చాలీచాలని జీతాలకు ఏళ్ళ తరబడి ఆడారు. 2022లో వాళ్ళు ఆటగాళ్ళ సంఘంలో చేరి బేరమాడాకే, 2023లో అట్టడుగు స్థాయి కనీస జీతం ఏడాదికి 4,800 డాలర్ల నుంచి 19,800కు పెరిగింది. ఎవరూ ఊరికే ఇవ్వలేదు, అడిగితే వచ్చింది. కాబట్టి ఆ ఆటను గానీ ఆ వ్యాపారాన్ని గానీ నెల్లూరుకు దిగుమతి చేసుకోమని నా మాట కాదు. మన పిల్లలు క్రికెట్ ఆడతారు, జావెలిన్ విసురుతారు, వాలీబాల్ కొడతారు. అన్నింటికీ భుజం ఒకటే, మోచేయి ఒకటే. నీరజ్ చోప్రా మోచేతికి 2019లో శస్త్రచికిత్స జరిగింది. ఆ ఏడాదంతా దాదాపుగా పోటీలకు దూరమయ్యాడు. 2021 ఆగస్టు 7న టోక్యోలో అదే చేత్తో ఈటెను 87.58 మీటర్లు విసిరి దేశానికి అథ్లెటిక్స్‌లో తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. హర్యానాలో ఒక పల్లెటూరి రైతు బిడ్డకు సమయానికి వైద్యమూ విరామమూ దొరికాయి గనుకే ఆ రోజు వచ్చింది. ఇది మన దేశంలో జరిగిన సంగతి, అమెరికా ముచ్చట కాదు. ఇక బతుకుతెరువు మాటకొస్తే, భుజం చెడితే ముందు పోయేది ఆట కాదు, వేటే. పిల్లవాడి చేతిని కాపాడితే ఆటగాడు దక్కకపోయినా, కష్టం చేసుకు బతికే మనిషి దక్కుతాడు.

ఇంకా దక్షిణానికి వెళితే సూళ్ళూరుపేట. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఇది తిరుపతి జిల్లాలో చేరినా, తీరం మాత్రం ఒకే తీరం. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోతుంది. చలికాలంలో రెండు వైపులా పలచటి నీళ్ళలో రాజహంసలు ఒంటికాలి మీద నిలబడి ఉంటాయి. ఆ రోడ్డు చివరన మనిషి విసిరే వస్తువుల్లోకెల్లా దూరం పోయేదాన్ని విసిరే చోటు, అంతరిక్ష ప్రయోగ కేంద్రం, ఉంది. 1979 ఆగస్టు 10న అక్కడి నుంచి లేచిన తొలి ఎస్ఎల్‌వి-3 రాకెట్టు రెండో దశలో అదుపు తప్పి బంగాళాఖాతంలో కూలింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. ఆ రోజు విలేకరుల ముందుకు వచ్చి బాధ్యత తన మీద వేసుకున్నది అంతరిక్ష సంస్థ అధిపతి సతీశ్ ధావన్. పదకొండు నెలలు తప్పులు వెతికి సరిచేశారు. 1980 జూలై 18న అదే కలాం నాయకత్వంలో, అదే రకం రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆనాడు విలేకరులతో మాట్లాడమని ధావన్ కలాంనే ముందుకు పంపాడు. మొదటి విసురు సముద్రంలో పడిందని ఆ చేతిని కట్టేసి ఉంటే ఇవాళ ఆ కేంద్రానికి ధావన్ పేరు పెట్టే సందర్భమే వచ్చేది కాదు. రెండో అవకాశం ఎలా ఇవ్వాలో మనకు తెలియదనడానికి వీల్లేదు. రాకెట్టుకు ఇచ్చాం. ఈ తీరం మీదే ఇచ్చాం. అదే ఓపిక పాలెం బడిలో చదివే పిల్లవాడి భుజానికి ఇవ్వడం లేదు.

ఇందుకు కోట్లు అక్కర్లేదు. కావలి నుంచి తడ దాకా తీరం వెంట ఉన్న ప్రతి ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడి బల్ల మీద ఒక నోటుపుస్తకం ఉండాలి. ఏ పిల్లవాడు ఇవాళ ఎన్ని బంతులు వేశాడు, ఎన్నిసార్లు ఈటె విసిరాడు, ఎవరి భుజం నొప్పి పెడుతోంది, ఎన్ని రోజులు ఆపారు అన్నది అందులో రాయాలి. నెలకోసారి ఒక ఫిజియోథెరపిస్టు వచ్చి ఆ పుస్తకం చూసి పిల్లల్ని పరీక్షించాలి. ఆటల ఎంపికలో ఈ ఏడాది గాయంతో తప్పిపోయిన పిల్లవాణ్ణి వచ్చే ఏడాది తప్పనిసరిగా మళ్ళీ పిలవాలి. తల్లిదండ్రులు పీఈటీ సారును మార్కుల గురించి అడిగినట్టే ఈ పుస్తకం గురించి కూడా అడగాలి. మైపాడు దగ్గర వల వేసే పెద్దమనిషికి కాళ్ళతో విసరమని ఎవరో ఒకరు నేర్పారు, అందుకే ఆయన చేయి ఇంకా లేస్తోంది. అలా నేర్పే మనిషి, ఆపే మనిషి, మళ్ళీ రమ్మని పిలిచే మనిషి ప్రతి బడిలోనూ ఉండేలా చూద్దాం.